సరే అక్కా

యునొసావా
జనవరి

తొమొయె అక్కకి,

చిగుసా నమస్కారాలు. మీ మోకాలు ఎలా ఉంది? చలికి మళ్లీ బిగుసుకుపోతోందా? బావగారు కులాసాయేనా?

నేను వచ్చి చేరాను. ఊరంతా ఆవిరి అక్కా. వీధి కాలవల్లో వేడినీళ్ల ఊట పారుతుంటుంది, పైనుంచి మంచు పడుతుంటుంది. ఆ రెండూ కలిసేచోట మనుషులు నడుము పైనుంచే కనబడతారు. మొదటిరోజు పొద్దున నా జట్టును అలాగే చూశాను. తలలు, భుజాలు, చేతుల్లో భోజనం పళ్లాలు. కాళ్లు లేవు. ఫుట్‌బాల్ జట్టుకి కాళ్లు కనబడకపోవడమేమిటని నవ్వొచ్చింది.

వీళ్లందరూ ఇక్కడి సత్రాల్లో పనిచేసే పిల్లలే. పొద్దున కిమోనో కట్టుకుని అతిథులకి వడ్డిస్తారు, పక్కలు ఎత్తుతారు, మధ్యాహ్నం బూట్లు కట్టుకుని నా దగ్గరకొస్తారు. సత్రాల యజమానులంతా కలిసి పెట్టిన జట్టు. వాళ్ల సంఘానికి పెద్ద తొగాషి గారు. ఆయన టీ పోయించి, ఎంతో మర్యాదగా, "ఈ ఏడాది పై డివిజన్‌కి వెళ్లాలి కోచ్ గారూ. వెళ్లకపోతే ఊళ్లోవాళ్లకి నా మొహం చూపించలేను" అన్నారు. అంటే వెళ్లకపోతే నా మొహం ఇక్కడ కనబడదని. మీరు కెప్టెన్‌గా ఉన్న మన మిల్లు జట్టు మూసేశాక నేను బడి వంటశాలలో కూరలు తరిగాను. సాయంత్రాలు ఆడపిల్లలకి ఆట నేర్పాను. కోచ్ లైసెన్సు క్లాసులో మగవాళ్ల మధ్య ఒక్కదాన్నే కూర్చుంటే, మొదటిరోజు ఒకాయన "టీ ఈ బల్లమీద పెట్టమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఎంతమంది పక్కన అసిస్టెంటుగా నిలబడ్డానో మీకు తెలుసు. నాదంటూ ఒక జట్టు ఇదే మొదలు. ఇది పోతే నన్ను మళ్లీ ఎవరూ పిలవరు.

మంచులో బంతి దొర్లదు. అందుకని బంతి లేకుండానే ఆడిస్తున్నాను. సత్రం వెనకాల కార్లు ఆపే స్థలంలో మంచు తొక్కి చదును చేశాం. బంతి ఉందనుకోవాలి. ఎక్కడుందో అందరి కళ్లూ ఒప్పుకోవాలి. మొదట్లో సిగ్గుపడి ఒకళ్లనొకళ్లు గిల్లుకున్నారు. ఒకరోజు మంచు మెల్లగా పడుతుంటే అందరి తలలూ ఒక్కసారిగా ఎడమనుంచి కుడికి తిరిగాయి. అప్పుడు నాకూ బంతి కనబడింది అక్కా. మంచుకన్నా కొంచెం తెల్లగా ఉంది.

కానీ ఒక వింత. ఆ బంతి ఎప్పుడూ కెప్టెన్ మినెగిషి కయో దగ్గరకే పోతుంది. కయో అందరికన్నా వయసులో పెద్దది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు సీనియర్లున్నారు. బంతి ఆ ముగ్గురి కాళ్లు దాటి బయటికి రాదు. నిన్న కయో కాలు జారి మంచులో వెల్లకిలా పడింది. లేని బంతే కదా, ఎవరైనా తీసుకోవచ్చుగా! ఒక్కరూ కదలలేదు. ఆవిడ లేచి, మంచు దులుపుకుని, బంతిని మళ్లీ కాలికింద పెట్టుకున్నట్టు నటించేదాకా అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కనబడని బంతికి కూడా పెద్దాచిన్నా తెలుసన్నమాట.

మీ అమ్మాయి సుజునా కుడివైపు చివర ఆడుతోంది. కిందటి నెలే చేరింది గనక అందరికీ చెల్లెలు. ప్రాక్టీసు జరిగినంతసేపూ బంతి ఎక్కడికి రావాలో సరిగ్గా అక్కడికే పరిగెత్తింది. బంతి ఒక్కసారీ రాలేదు. చిన్నప్పుడు నన్ను పిన్నీ పిన్నీ అని వెంటపడేది, ఇప్పుడు చెవులు ఎర్రగా చేసుకుని "కోచ్ గారూ" అంటోంది. బాగా తింటోంది, దిగులు పెట్టుకోకండి.

చిగుసా


షిమబారా
ఫిబ్రవరి

చిగుసా,

ఫోను చెయ్యొచ్చుగా అని సుజునాతో అన్నావట. ఎందుకు చెయ్యనో నీకు తెలియదా? ఫోనులో నా గొంతు వినబడితే చాలు, "సరే అక్కా, సరే అక్కా" తప్ప నీ నోటివెంట ఇంకో మాట రాదు. ఎదురుగా లేని మనిషికి ఫోను పట్టుకునే వంగి వంగి దణ్ణాలు పెడతావని మీ అమ్మ చెప్పి నవ్వేది. కాగితం మీదైతే కనీసం మంచు గురించి నాలుగు ముక్కలు రాస్తావు.

ఇక్కడ మంచూ లేదు గించూ లేదు. కొండమీంచి చల్లటి పొడిగాలి వీస్తోంది. మేం చేసి అమ్మే సేమ్యాకి ఇదే అదను. సాగదీసిన పోగులు కర్రలకి వేలాడేసి వాకిట్లో పెడితే, ఇంటిచుట్టూ తెల్లటి తెరలు ఊగుతున్నట్టుంటుంది. మీ బావ ఆ తెరల మధ్య తిరుగుతుంటే మనిషి కనబడడు, దగ్గు వినబడుతుంది. నేను స్టూలు మీద కూర్చుని చేస్తాను. మోకాలి సంగతి అడగొద్దు. వంగదు, అంతే. మనం ఆఖరి ఫైనల్ ఆడినరోజు నుంచీ ఎలా ఉందో అలాగే ఉంది.

అసలు సంగతికి వస్తాను. నీకో పని చెబుతాను, చేసిపెట్టు. సుజునాని ఈ ఏడాది ఆడించకు. బెంచీ మీద కూర్చోబెట్టు. తిట్టొద్దు, కసరొద్దు, కడుపునిండా తిండి పెట్టు. ఆటలోకి మాత్రం దించకు. ఏడాది కూర్చుంటే విసుగెత్తి అదే ఇంటికొస్తుంది. ఇక్కడ పనికి చేతులు చాలడం లేదు. దానివి సన్నటి వేళ్లు, పోగు తెగకుండా సాగదీస్తుంది. నేను వచ్చెయ్యమంటే మొండికేస్తుంది. నువ్వు కూర్చోబెడితే, ఆటకి తను పనికిరానేమో అనుకుని ఊరుకుంటుంది.

ఇది నీ అక్కగా అడుగుతున్నాను. మనిద్దరి మధ్యే ఉండనీ. దానికి తెలియకూడదు.

తొమొయె


యునొసావా
ఏప్రిల్

అక్కకి,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. మొదలుపెట్టిన ఉత్తరాలన్నీ చింపేశాను.

మంచు కరుగుతోంది. మా మైదానం ఒక్కో ముక్కే బయటపడుతోంది. ముందు ఒక గోలు స్తంభం, తర్వాత మధ్యలో గుండ్రంగా కొంత పచ్చిక. పిల్లలు ఆ పచ్చిక ముక్క మీద చెప్పులు విప్పి నిలబడి కళ్లు మూసుకున్నారు. నేనూ నిలబడ్డాను. అరికాళ్లకి చల్లగా, మెత్తగా, ఎక్కడో నీళ్లలో తేలుతున్నట్టు అనిపించింది. మన మిల్లు వెనకాల మైదానం గుర్తొచ్చింది. సాయంత్రం సైరన్ మోగగానే జుట్టులో దూది పోగులతోనే పరిగెత్తుకొచ్చేవాళ్లం. అందరికన్నా ముందు మీరే ఉండేవారు.

లీగు వచ్చేవారం మొదలవుతుంది. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్లే పైకి వెళతారు. గోల్ కీపరు చియొరి మంచి పిల్ల, కానీ నోరు లేదు. కయోకి కాళ్లలో మునుపటి వేగం లేదు, ఆ సంగతి ఆవిడకి చెప్పే ధైర్యం జట్టులో ఎవరికీ లేదు.

మీరు చెప్పిన పని. సరే అక్కా.

చిగుసా


షిమబారా
జూన్

చిగుసా,

సేమ్యా పెట్టె పంపుతున్నాను. పిల్లలందరికీ వండిపెట్టు. మరిగే నీళ్లలో వేసి వెంటనే తియ్యి, నీ వంటశాల పద్ధతిలో జావ చెయ్యకు.

నీ ఉత్తరం చదివాను. కయో కాళ్లు, చియొరి నోరు, పచ్చిక మెత్తదనం, అన్నీ రాశావు. నా కూతురి గురించి ఒక్క ముక్క లేదు. ఆడించొద్దన్నాను గానీ రాయొద్దన్నానా? బెంచీ మీద ఎలా కూర్చుంటుంది? ప్రాక్టీసులో ఎలా పరిగెడుతోంది? నాలాగే మడమ విసురుతుందని దాని బడి టీచరు అప్పట్లో అనేది. ఇప్పుడూ అలాగే విసురుతోందా? ఊరికే అడుగుతున్నా. రాయాలనిపిస్తే రాయి.

ఇక్కడ వానలు. సేమ్యా ఆరదు. మీ బావ ఆకాశం వైపు చూసి రోజూ పోట్లాడుతున్నాడు.

తొమొయె


యునొసావా
ఆగస్టు

అక్కకి,

సేమ్యా అందింది. ఐసుముక్కలు వేసుకుని, సత్రం వరండాలో అందరం వరసగా కూర్చుని తిన్నాం. సుజునా గిన్నె పట్టుకుని చాలాసేపు వాసన చూసింది. "ఏమే, పాడైపోయిందా?" అని ఎవరో ఏడిపించారు. "మా వాకిలి వాసనొస్తోంది" అంది. తర్వాత అందరికన్నా ఎక్కువ తింది.

అడిగారు గనక రాస్తున్నాను. మీలాగే మడమ విసురుతుంది. వెనకనుంచి చూసి మీరేననుకుని ఒక్కోసారి అక్కా అని పిలవబోతాను.

జట్టు మూడో స్థానంలో ఉంది. కిందటివారం ఎలా ఓడామో చెబుతాను, వింటే నవ్వుతారు. అవతలివాళ్లు ఎత్తుగా కొట్టిన బంతి మా గోలు ముందు పడబోతోంది. అది కీపరు చియొరిది. "తప్పుకో" అని ఒక్క కేక వేస్తే చాలు. ముందున్నది కయో. కయోని తప్పుకోమనడమా! చియొరి ఆవిడ ఏం చేస్తుందా అని చూసింది. కీపరు కేక వేస్తుందేమోనని కయో చూసింది. బంతి ఇద్దరి మధ్యా పడి, ఎవరినీ నొప్పించకుండా మెల్లగా దొర్లుకుంటూ గోల్లోకి వెళ్లింది. చియొరి కయోకి వంగి క్షమాపణ చెప్పుకుంది. కయో చియొరికి వంగి క్షమాపణ చెప్పుకుంది. అవతలివాళ్లు ఎగిరి గంతులేస్తున్నారు, మావాళ్లు ఇంకా వంగే ఉన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. గదిలో కూర్చోబెట్టి అరిచాను. "మైదానంలో అక్కలు లేరు, చెల్లెళ్లు లేరు! బంతి దగ్గర ఎవరుంటే వాళ్లదే మాట. అర్థమైందా?" అందరూ ఒకేసారి వంగి "సరే కోచ్ గారూ" అన్నారు. తర్వాత వయసు ప్రకారం వరస కట్టి బయటికి వెళ్లారు.

ఆ సాయంత్రం ఊట నీళ్ల తొట్టిలో కూర్చున్నాను. ఆవిరిలో ఎవరో వచ్చి పక్కన దిగారు. సుజునా.

"కోచ్ గారూ, ఒకటి అడగనా?"

"అడుగు."

"మైదానంలో అక్కలు లేరన్నారు కదా. మీకు కూడానా?"

దాని మొహం కనబడలేదు. గొంతులో వేళాకోళం లేదు. "త్వరగా కడుక్కో, నీళ్లు చల్లారిపోతాయి" అన్నాను.

"ఊట నీళ్లు చల్లారడమేమిటి కోచ్ గారూ?" అని నవ్వి వెళ్లిపోయింది.

ఈమధ్య నాకు ఒకే కల వస్తోందక్కా. మిల్లు మైదానం. ఎండ తేనె రంగులో ఉంది. నేను బంతిని ఎటు తన్నినా అది చుట్టూ తిరిగి మీ కాళ్ల దగ్గరకే వస్తుంది. మీరు బూటు కట్టుకుంటూ ఉంటారు, తల ఎత్తరు. పిలుద్దామంటే నాకు గొంతు పెగలదు. కల అంతే. భయం కూడా వెయ్యదు, మెలకువ వచ్చాక దిగులుగా ఉంటుంది.

చిగుసా


షిమబారా
సెప్టెంబరు

చిగుసా,

నీ కలలు నీ దగ్గర పెట్టుకో. ఎందుకు రాశావో అర్థం కానంత వెర్రిదాన్ని కాను. అడిగినదానికి సరే అన్నావు. అన్న మాట మీద ఉండు.

సుజునా నిన్న ఫోను చేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అమ్మా, నేను ఇంకా బాగా పరిగెత్తాలి. అందుకే కోచ్ గారు దించడం లేదు" అంది. ఏడ్చినా బాగుండేది. ఫోను పెట్టేశాక మీ బావ ఏమిటని అడిగితే, కంట్లో పిండి పడిందన్నాను.

ఇంకెంత, చివరికి వచ్చేసింది. ఓపిక పట్టు.

తొమొయె


యునొసావా
అక్టోబరు

అక్కా,

ఈసారి వాతావరణం గురించి రాయను.

ఆదివారం మా చివరి మ్యాచ్. రెండో స్థానంలో ఉన్న జట్టుతోనే. గెలిస్తే వాళ్లను దాటి మేం పైకి వెళతాం. సుజునాని మొదటినుంచీ ఆడిస్తున్నాను. మిమ్మల్ని అడగడం లేదు, చెబుతున్నాను.

ఇన్ని నెలలూ దాన్ని కూర్చోబెట్టి నాకు నేనే కారణాలు చెప్పుకున్నాను. చిన్నపిల్ల అన్నాను. అనుభవం లేదన్నాను. ఇంకో ఏడాది పోతే రాటుదేలుతుందన్నాను. అన్నీ అబద్ధాలు. మా జట్టులో బంతి ఎక్కడికి రాబోతోందో ముందుగా చూడగలిగేది అదొక్కతే. దాన్ని కూర్చోబెట్టి మిగతావాళ్లకి ధైర్యం గురించి చెప్పడానికి నాకు సిగ్గేస్తోంది. సేమ్యా పని మీది. చేతులు చాలకపోతే ఇంకొకళ్లని పెట్టుకోండి. ఈ జట్టు నాది.

మీ మాట కాదనడం ఇదే మొదటిసారి. కోపమొస్తే తిట్టండి. నాతో మాట్లాడనంటే ఏడుస్తాను. మీరు తప్ప నాకు అక్క ఎవరున్నారు? అయినా ఆదివారం అది ఆడుతుంది.

ఆట అయిపోయాక మీకు అందేలా దొంగతనంగా పంపడం లేదు. ఇప్పుడే ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను, శుక్రవారానికి చేరుతుంది. ఆపాలనుకుంటే తొగాషి గారికి ఫోను చేసి ఆపించండి. ఆయన ఆపమన్నా నేను ఆపను.

చిగుసా


యునొసావా
నవంబరు

అక్కకి,

మీ దగ్గరనుంచి జవాబు లేదు. తొగాషి గారికి ఫోనూ రాలేదు. అయినా ఏం జరిగిందో మీకు చెప్పకుండా ఉండలేను.

ఆ రోజు పొగమంచు. అవతలి గోలు కనబడేది కాదు, అప్పుడప్పుడు ఒక తెల్ల చొక్కా తేలివచ్చి మళ్లీ కరిగిపోయేది. చూడ్డానికొచ్చినవాళ్లకి చప్పుళ్లు మాత్రమే వినబడ్డాయి. నాకు మాత్రం అంతా తెలుస్తూనే ఉంది. చలికాలమంతా కనబడని బంతిని చూసిన కళ్లు కదా ఇవి. సగం ఆటదాకా గోలు లేదు. సుజునాకి బంతి రాలేదు. ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి నావైపు చూసింది.

చివరికొచ్చేసరికి కయో బంతితో గోలు ముందుకి వెళ్లింది. ఇద్దరు అడ్డం పడ్డారు. ఆవిడకి కాళ్లు సాగడం లేదు. అప్పుడు పొగమంచులోంచి ఒక కేక వినబడింది.

"కయో! వదిలెయ్! నాది!"

అక్కా, పేరు పెట్టి పిలిచింది. అందరికన్నా చిన్నది, అందరికన్నా పెద్దదాన్ని, ఊరందరి ముందూ. కయో వదిలేసింది. బంతిని అక్కడే వదిలి పక్కకి తప్పుకుంది. మీ పిల్ల వచ్చి తన్నింది. గోలు.

తర్వాత ఏం చేసిందనుకున్నారు? గంతెయ్యలేదు. నేరుగా కయో ఎదురుగా వెళ్లి, నడుము విరిగేలా వంగి, "మన్నించండి, మన్నించండి" అంటూ నిలబడిపోయింది. అవతలివాళ్లు బంతి మధ్యలో పెట్టి ఆట మొదలుపెట్టబోతున్నారు.

"వంగింది చాల్లే, వెనక్కి పరిగెత్తవే!" అని కయో దాని వీపు మీద ఒకటి చరిచింది. ఆ తర్వాత మిగిలిన కాసేపూ మావాళ్ల నోళ్లు మూతపడితే ఒట్టు. చియొరి అయితే అవసరం లేకపోయినా "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తూనే ఉంది. గెలిచాం.

మర్నాడు తొగాషి గారు పిలిచారు. మంచి మిఠాయి పెట్టారు. చాపమీద నుదురు ఆనించి వంగారు. "మీ మేలు ఈ ఊరు మరిచిపోదు కోచ్ గారూ" అన్నారు. "పై డివిజన్ అంటే టీవీవాళ్లొస్తారు. పత్రికలవాళ్లొస్తారు. అందుకని టోక్యోనుంచి పేరున్న ఒకాయనతో మాట్లాడాం. మీరు ఆయన పక్కన అసిస్టెంటుగా ఉంటే పిల్లలకి ధైర్యంగా ఉంటుంది."

"సరేనండీ" అనే మాట నాలుకమీదకి వచ్చేసింది. మిఠాయితోపాటు మింగాను.

"కాదండీ" అన్నాను.

ఆయన నవ్వుతూ మళ్లీ టీ పోశారు. వినబడలేదేమో అనుకున్నాను. ఇంకోసారి అన్నాను. "కాదండీ. జట్టు నాదైతే ఉంటాను. లేకపోతే వెళతాను." సంఘం వాళ్లని అడగాలన్నారు. పాపం, చెడ్డమనిషి కాదు. సాయంత్రానికి సంఘం వాళ్లందరూ కూర్చుని టోక్యో ఆయన్నే ఖాయం చేశారు.

వచ్చేనెలలో గది ఖాళీ చెయ్యాలి. కయో కిమోనో కొంగులు పైకి దోపుకుని వచ్చి నా పెట్టెలు కట్టింది. "ఆయనొచ్చాక మేం మళ్లీ నోళ్లు మూసుకుంటామని బెంగ పెట్టుకోకండి" అంది. సుజునా నా బూట్లు తీసుకెళ్లి మట్టి కడిగి తెచ్చింది. అది ఇక్కడే ఉంటుంది. ఉండాలి కూడా.

ఒక్కసారే రెండు పోగొట్టుకున్నాను, జట్టునీ మిమ్మల్నీ. ఏడుపొస్తోంది. అయినా ఆదివారం మళ్లీ వస్తే అదే చేస్తాను.

చిగుసా


షిమబారా
డిసెంబరు

చిగుసా,

నన్ను పోగొట్టుకున్నావని ఎవరన్నారు? జవాబు రాయడానికి నాకు మాటలు దొరకలేదు, అంతే. ఇప్పుడు కూడా దొరికాయని కాదు.

నీ అక్టోబరు ఉత్తరం శుక్రవారమే అందింది. నిలబడే చదివాను. మీ బావ "ఏమైంది, తెల్లబోయావు?" అన్నాడు. "చిగుసా కాదంది" అన్నాను. "ఏ చిగుసా?" అన్నాడు. నమ్మలేదు.

నీకు ఎన్నడూ చెప్పని మాట ఒకటుంది. ఆఖరి ఫైనల్ రోజు, సగం ఆట అయ్యాక, గదిలో నా మోకాలు ఎలా వాచిందో నీకు గుర్తుండే ఉంటుంది. "నేను ఆడతాను" అన్నాను. కెప్టెన్ని కదా, ఇంకో మాట ఎలా అంటాను? మీరందరూ "సరే అక్కా" అన్నారు. కోచ్ గారు కూడా "తొమొయె ఆడతానంటోందిగా" అని ఊరుకున్నారు. నేను ఒక్కొక్కళ్ల మొహంలోకీ చూశాను. ఎవరైనా ఒక్కరు వద్దంటారేమోనని చూశాను చిగుసా. ఎవరో ఒకరు "కూర్చో, నువ్వు ఆడకూడదు" అంటే కూర్చునేదాన్ని. ఎంత హాయిగా కూర్చునేదాన్నో. నీవైపూ చూశాను. నువ్వు కిందకి వంగి నా బూటు లేసు కడుతున్నావు.

నిన్ను తప్పుపట్టడం లేదు. నీ స్థానంలో నేనున్నా లేసే కట్టేదాన్ని. మనల్ని అలా పెంచారు. కానీ ఆ రోజునుంచి నాకు "సరే" అన్న మాట వింటే చాలు, మోకాల్లో సలుపు పుడుతుంది.

సుజునా ఉన్న జట్టుకే నువ్వు కోచ్‌గా వెళ్లావని తెలిసినప్పుడు భయమేసింది. సేమ్యాకి చేతులు చాలడం లేదన్నది వట్టి సాకు. మీ బావ మేనల్లుడు కిందటేడే పనిలో చేరాడు. నా భయమల్లా ఒక్కటే. రేపు దాని కాలికి ఏదైనా అయి, "నేను ఆడతాను" అని అదంటే, వద్దని చెప్పే మనిషి అక్కడ ఎవరున్నారు? చిగుసా చెబుతుందా? జన్మలో చెప్పదనుకున్నాను. నేను అంత అన్యాయమైన పని చెబితే కూడా "సరే అక్కా" అని రాశావు చూడు, ఆ రోజు నా భయమే నిజమనుకున్నాను. దాన్ని బెంచీ మీద ఉంచడమొక్కటే దారి అనుకున్నాను.

అక్టోబరులో నువ్వు కాదన్నావు. అది చదివి తొగాషి గారికి ఫోను చెయ్యలేదు. శనివారం, ఆదివారం వాకిట్లోనే కూర్చున్నాను. గాలికి సేమ్యా తెరలు ఊగుతుంటే వాటి మధ్యన అది పరిగెడుతున్నట్టే ఉంది. ఆట అయ్యాక ఫోను చేసింది. గోలు గురించి చెప్పింది. ఇంటికి ఎప్పుడొస్తావే అన్నాను. "రానమ్మా. నేను ఇక్కడే ఆడతాను" అంది. వెనక్కి తగ్గలేదు. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. దుఃఖంతో కాదు. దానికి ఇక వేరే మనిషి కాపలా అక్కర్లేదు. నాకే కాదని చెప్పగలిగిన పిల్ల, అవసరం వచ్చినరోజు ఎవరికైనా చెబుతుంది. కాలు వాచినరోజు తనకి తనే వద్దని చెప్పుకుంటుంది.

నిన్ను తీసేశారని విని నాకు మండిపోయింది. తొగాషి గారి మిఠాయిలు ఆయన నెత్తిన పడ! ఆ టోక్యో ఆయన ఎవరో, బంతి లేకుండా ఆడించమను చూద్దాం.

మా ఇంట్లో ఎండపడే గది ఖాళీగా ఉంది. వచ్చి ఉండు. పని చెయ్యక్కర్లేదు, ఆట గురించి మాట్లాడక్కర్లేదు. తిను, పడుకో, గాలి చూడు. తర్వాత నీ ఇష్టం. అక్కగా ఆజ్ఞ వెయ్యడం లేదు, అడుగుతున్నాను. వద్దనుకుంటే వద్దని రాయి. కోపం తెచ్చుకోను.

తొమొయె


యునొసావా స్టేషను
డిసెంబరు

అక్కా,

మీ ఉత్తరం చదివి, బండి కోసం చూస్తూ ప్లాట్‌ఫారం మీద మంచులో ఇంతసేపూ నడిచాను. ఆ రోజు లేసు కడుతూ మీ మోకాలు చూశాను. వద్దని చెప్పాలనే అనుకున్నాను. ఇంతకుమించి రాయలేను, ఎదురుగా కూర్చున్నప్పుడు ఏడుస్తాను.

సెందాయ్‌నుంచి ఒక కాలేజీవాళ్లు ఫోను చేశారు, ఆడపిల్లల జట్టు పెడుతున్నారట. రెండు నెలలు ఆగమన్నాను. ఆగుతారో లేదో తెలియదు. ఆగకపోతే పోనీ.

మీ దగ్గరకు రావద్దని నాకు అనిపించి ఉంటే రానని రాసేదాన్ని. వస్తున్నాను.

చిగుసా